పిండి లేని రొట్టె

ప్రొద్దుటూరు,
23-11-1958, ఆదివారం.

పూజ్యురాలైన అమ్మ పాదాలకు నమస్కరించి కూతురు వైదేహి రాసుకునే సంగతులు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. చక్రాయపేటలో నువ్వు, తమ్ముడు గోవిందరాజులు, మరదలు, పిల్లలు అందరూ చల్లగా ఉన్నారని అనుకుంటున్నాను.

అమ్మా, అక్షరాలు పెద్దవిగా, ఎడంగా రాస్తున్నాను. అందుకే ఇన్ని కాగితాలయ్యాయి. ఈ ఉత్తరం తమ్ముడి చేత చదివించుకోవద్దు. వాడు గుడికి పోయాక, పెరట్లో ఎండ బాగా పడేచోట కూర్చుని ఆగి ఆగి అయినా నువ్వే చదువుకో. పొర కమ్మిన కంటికి శ్రమే. అయినా ఇది నీకూ నాకూ మధ్య ఉండవలసిన మాట.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. ఉసిరికాయ పచ్చడి అందింది. జాడీ మూతి దగ్గర కొంచెం నూనె కారింది గానీ పచ్చడికి ఏమీ కాలేదు. మీ అల్లుడు ఇంకా పులివెందుల తాలూకా ఆఫీసులోనే ఉన్నారు. ఇక్కడికి బదిలీ కోసం పెట్టుకున్న అర్జీ ఏమైందో తెలియదు. శనివారం బస్సుకు రావడం, ఆదివారం సాయంత్రం బస్సుకు పోవడం. ఇప్పుడు భోంచేసి నడవలో పడుకున్నారు. మా బడిలో నాలుగో తరగతి టీచరమ్మ పురిటికి పుట్టింటికి పోయింది. ఆ పిల్లల్ని కూడా నా తరగతిలోనే కూర్చోబెట్టారు. సాయంత్రానికి గొంతు పోతోంది. రాత్రి నడుం వాల్చితే భుజాలు నావి కానట్టు ఉంటాయి.

జమ్మలమడుగు ఆసుపత్రి సంగతి మీ అల్లుడు కనుక్కున్నారు. కంటి ఆపరేషనుకు చలికాలమే మంచిదట. కార్తీకం పోయాక తీసుకురమ్మన్నారు. అయ్యాక కొన్నాళ్ళు రెండు కళ్ళకూ కట్టు ఉంటుందట. తల ఎక్కువగా కదిలించకూడదట. పొయ్యి దగ్గరికి పోకూడదట. మన ఇంట్లో చిన్నపిల్లల సందడి కాబట్టి కట్టు విప్పేదాకా నా దగ్గరే ఉంటానని రాశావు. మడినీళ్ళకు కొత్త బిందె చూసి పెట్టమన్నావు. ఆ మాట చదివి ఎగిరి గంతేయవలసినదాన్ని. ఉత్తరం మడిచి కొంగున కట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చుండిపోయాను.

గుడ్డలు కొనడానికి ఇక్కడికి వచ్చిన అనంతరామయ్యగారు నేను సగమయ్యానని నీతో చెప్పారని రాశావు. "మీ ఇంటి దగ్గర ఏదో నీచువాసనగా ఉందన్నాడు. ఇల్లు మారకూడదా?" అని కూడా అడిగావు. ఆయన అబద్ధం చెప్పలేదమ్మా. ఆయన వచ్చిన మధ్యాహ్నం నేను పక్కింట్లో ఉన్నాను. తలుపు తట్టిన చప్పుడు విని ఆ చేతుల్తోనే పరుగెత్తుకొచ్చాను.

ఆ పక్కింటావిడ ఎవరో నీకు తెలుసు. రెండేళ్ళ కిందట నాకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టినప్పుడు మరదలికి పురుడు. నువ్వు రాలేకపోయావు. మీ అల్లుడికి సెలవు దొరకలేదు. అప్పుడు నన్ను చూసుకున్నది పక్కింటావిడ అని రాశాను. ఆమె కడుపు చల్లగా ఉండాలని నువ్వు జవాబు రాశావు. ఆమె పేరు మాత్రం నేను రాయలేదు. ఆమె పేరు మాబున్ని. భర్త పోయాక రవికెలు కుట్టి కూతురికి పెళ్ళి చేసింది. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఆమె పొయ్యి మీద మాంసం ఉడికితే ఆ వాసన నా మంచం దాకా వచ్చి నాకు వాంతయ్యేది. అది ఒకసారి చూసింది. నా జ్వరం తగ్గి నేను లేచి తిరిగేదాకా ఆమె ఇంట్లో మళ్ళీ మాంసం వండలేదు. నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. వాళ్ళ కూతురు మైమూన్ ఎప్పుడో నవ్వుతూ అంటే నాకు తెలిసింది.

ఇప్పుడు ఆమె మంచం పట్టింది. చక్కెర జబ్బు. పోయిన వేసవిలో కాలికి చిన్న ముల్లు గుచ్చుకుని పుండై, ఆ పుండు మానక బొటనవేలు తీసేశారు. జమ్మలమడుగు డాక్టరు ఆమెను కూర్చోబెట్టి గట్టిగా చెప్పాడు. అన్నం, సంగటి, రొట్టె, బెల్లం ముట్టకూడదు. గుడ్లు, మాంసం, ఆకుకూరలు తినాలి. రోజూ పొద్దున సూది వేయించుకోవాలి. సూది వేసిన రోజు వేళకు తిండి తప్పకూడదు. ఇవి పాటించకపోతే పాదం కూడా తీసేయవలసి వస్తుందని చెప్పి పంపాడు.

కొన్నాళ్ళు మైమూన్ లింగాల నుంచి వచ్చి వండిపెట్టింది. శనక్కాయ పీకే వేళకు మొగుడు వచ్చి పిలుచుకుపోయాడు. చంకలో పసిపిల్ల, ఇంట్లో పని. ఆమెను ఏమని తప్పు పడతాం? తర్వాత వీధిలోవాళ్ళు తలా ఒక పూట తెచ్చి పెట్టారు. వాళ్ళు వండుకున్నదే కదా తెస్తారు! అన్నం, సంగటి. "ఒక ముద్దకు ఏం కాదులే అక్కా" అనేవాళ్ళు. ఆమె మొహమాటపడి తినేది. పుండు మళ్ళీ చీము పట్టింది. చివరికి ఎదురింటి గుల్జార్‌బీ ఒక్కతే మిగిలింది. తెల్లవారగానే మాంసం అంగడి నుంచి కైమా తెచ్చి మంచం పక్కన పెట్టి, దూది మిల్లు కూత వినపడేలోగా పరుగెత్తేది. మాబున్నక్క గోడ పట్టుకుని కుంటుకుంటూ పొయ్యి దాకా వెళ్ళి ఎట్లాగో వండుకునేది.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి అన్నానికి వచ్చి, అలవాటుగా గోడ మీదుగా పిలిచాను. పలకలేదు. వెళ్ళి చూస్తే కైమా గిన్నె మూత పెట్టినట్టే ఉంది. పొయ్యి చల్లగా ఉంది. ఆమె నేల మీద పడి ఉంది. ఒళ్ళంతా చెమటలు, చేతులు మంచులా ఉన్నాయి. నన్ను చూసి "మైమూన్, బిడ్డను ఎత్తుకో" అంటోంది. పరుగెత్తి, ఆమెకు రోజూ సూది వేసే కంపౌండరును పిలుచుకొచ్చాను. సూది వేయించుకుని తిండి తినకపోతే ఇట్లాగే అవుతుందని ఆయన చెప్పి, బెల్లం నీళ్ళు తాగించమన్నాడు. తాగించాను. కాసేపటికి మనిషి తేరుకుంది.

లేచి కూర్చోగానే ఆమె అన్న మాట ఇది. "టీచరమ్మా, ఆ కంపౌండరప్పకు చెప్పు. రేపట్నుంచి సూది వద్దు."

"సూది మానుకుంటే కాలు పోతాదని డాక్టరు చెప్పినాడు కదక్కా!"

"పోతే పోనీమ్మా. వండేదెవురు? నేను ఆ పొయ్యికాడికి పోలేకుండా ఉండా. శానా అలిసిపోయినా."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఏవో నాలుగు ఊరట మాటలు చెప్పి వచ్చేసేదాన్ని. ఆ అలసట నాకు తెలుసు. జ్వరంలో ఒకరోజు నేనూ అట్లాగే మందు వద్దని గోడవైపు తిరిగి పడుకున్నాను.

సూది మానొద్దు, మధ్యాహ్నం తిండి సంగతి నేను చూసుకుంటానని చెప్పాను. రెండు రోజులు ఒట్టి గుడ్లు ఉడకబెట్టి ఇచ్చాను. అంతటితో సరిపోతుందనుకున్నాను. ఆమెకు గొంతు దిగలేదు, వాంతి చేసుకుంది. మూడోరోజు గుల్జార్‌బీ తెచ్చిన గిన్నె మూత తీశాను.

అమ్మా, అది పెద్దకూర. మేకదీ పొట్టేలుదీ కాదు. పొట్టేలు మాంసం రోజూ కొనే తాహతు ఆ ఇంట్లో లేదు. ఆ మాట రాయడానికే ఇంత దూరం వచ్చాను. ఇక్కడ నువ్వు కాగితం కింద పెట్టేస్తే నేను చేయగలిగింది ఏమీ లేదు. చదివితే మాత్రం చివరిదాకా చదువు.

ముక్కుకు కొంగు కట్టుకున్నాను. ఆమె మంచం మీద నుంచే చెప్పింది. "ముందు ఎర్రగడ్డలు సన్నంగా తరుగు. పచ్చిమిరపకాయలు రెండు చాలు. అల్లం, తెల్లగడ్డ నూరింది ఆ చిప్పలో ఉండాది. బాగా ఏగనీ. ఇప్పుడు కైమా ఎయ్యి. చెయ్యి పెట్టొద్దులేమ్మా, గరిటెతో ఎయ్యి." గరిటెతోనే వేశాను. రంగు మారి, నీరు ఊరి, ఆ నీరంతా ఇగిరిపోయేదాకా కలపమంది. ఆ వాసనకు నాకు కళ్ళు తిరిగాయి. బయటికి పరుగెత్తి బావి దగ్గర వాంతి చేసుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఆమె నాకు తన ముఖం కనపడకుండా గోడవైపు తిరిగి పడుకుంది. "వద్దుమ్మా, దించేయి. నీకు ఈ పాపమెందుకు?" అంది. ఆమె చెప్పిన వంటకు నేను అట్లా పరుగెత్తినందుకు నాకు సిగ్గేసింది. మళ్ళీ గరిటె పట్టుకున్నాను.

తర్వాతిది సులువే. మెంతాకు తరిగి కలిపి, కైమాను సత్తుగిన్నెలో మందంగా పరిచి, నాలుగు గుడ్లు ఉప్పు వేసి నురగ వచ్చేలా గిలక్కొట్టి పైన పోయాలి. గిన్నె కింద కొద్దిగా నిప్పులు ఉంచి, పైన పళ్ళెం మూసి ఆ పళ్ళెం మీద ఇంకొన్ని నిప్పులు పెట్టాలి. నువ్వు మినపరొట్టెను అట్లాగే కాల్చేదానివి. పైనా కిందా వేడి సమంగా తగిలి అది పొంగి, అంచులు ఎర్రబడి, మధ్యలో గట్టిపడుతుంది. చల్లారాక కత్తితో ముక్కలు కోస్తే విరగకుండా వస్తాయి. మధ్యాహ్నానికి రెండు, రాత్రికి రెండు.

"దీని పేరేందక్కా?" అని అడిగాను.

"పేరేందమ్మా దీనికి! పిండి లేని రొట్టె. జబ్బు మనుషుల రొట్టె" అని నవ్వింది. ఆ రోజు రెండు ముక్కలూ తింది. నేను తలస్నానం చేసి, తడిచీర మార్చుకుని, అన్నం తినకుండానే బడికి పరుగెత్తాను. గంట కొట్టేసి ఉంది. హెడ్మిస్ట్రెస్సు గడియారం వైపు చూపించింది.

అప్పటి నుంచీ ఇదే నా మధ్యాహ్నం. నేను చిక్కిపోవడానికి కారణం జబ్బు కాదమ్మా. నాన్న ఆబ్దికానికి రాలేకపోయింది కూడా ఇందుకే. బడి తనిఖీ ఉందని రాశాను. తనిఖీ ఏమీ లేదు. నేను రెండు రోజులు రాకపోతే ఆమెకు వండేవాళ్ళు లేరు. నాన్న పేరు మీద ఆ రోజు ఇక్కడే ఒకరికి స్వయంపాకం ఇచ్చాను. అది ఆబ్దికానికి సాటి కాదని నాకూ తెలుసు.

ఇంతవరకూ పక్కింటి పొయ్యి మీద జరిగింది చెప్పాను. ఇంకొకటి ఉంది.

పోయిన నెలలో తుపాను వాన పట్టుకుంది. మాబున్నక్క వంటపాక కప్పు కూలి పొయ్యి బురదైపోయింది. కట్టెలు నానిపోయాయి. ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి. వచ్చి చూస్తే కైమా వచ్చి ఉంది, సూది వేసేసి ఉంది. వేళ దాటిపోతోంది. వానలో ఎవరింటికి తీసుకెళ్ళాలి? గిన్నె తెచ్చి మన వంటింట్లో, నేను రోజూ మహానైవేద్యం వండే పొయ్యి మీద పెట్టాను. దేవుడి గూటికి తెర లాగాను. తెర వేసినంతమాత్రాన ఏమవుతుందో నాకు తెలియదు. అప్పుడు నాకు పాపమని గానీ పుణ్యమని గానీ ఏమీ అనిపించలేదు. అది త్వరగా గట్టిపడితే ఇచ్చి వచ్చి పడుకోవచ్చని మాత్రమే అనిపించింది.

అంతలో మీ అల్లుడు వచ్చారు. వాగు పొంగుతుందని ముందు బస్సుకే బయలుదేరి వచ్చారట. తడిసి ముద్దయి వంటింటి గడపలో నిలబడ్డారు. మూత మీద నిప్పులు చూశారు, నా మూతికి కట్టుకున్న కొంగు చూశారు.

"ఏంది వైదేహీ ఇది?"

"మాబున్నక్కకు తిండి."

"మాంసమా?"

"ఊఁ."

"ఏం మాంసం?"

చెప్పాను. చొక్కా నుంచి నీళ్ళు కారి గడప దగ్గర మడుగు కట్టాయి. ఆయన ఏమన్నా పడదామనే నిలబడ్డాను. చివరికి "తల తడిసింది, తువ్వాలు ఇయ్యి" అన్నారు.

ఆ పూట వంటింట్లోకి రాలేదు. నడవలోనే అటుకులూ పెరుగూ తిన్నారు. మరునాడు ఆయనే బావి నీళ్ళు తోడి వంటిల్లంతా కడిగి, పొయ్యి అలికి, పసుపునీళ్ళు చల్లారు. ఊరికి పోయేముందు ఒక కూలిమనిషిని పిలిచి పక్కింటి వంటపాక కప్పు వేయించారు. "ఇంక ఆడనే వండు" అన్నారు. అంతే.

నువ్వు వస్తున్నావన్న ఉత్తరం చూపించినప్పుడు ఆయన నెమ్మదిగా అన్నారు. "మీ అమ్మ కండ్లకు కట్టు ఉంటాది కదా. ఏం చూస్తుంది? వాసనొస్తే పక్కింట్లోది అందాం. నువ్వు స్నానం చేసే కదా వండిపెడతావు. పెద్దామె మనసు ఎందుకు కష్టపెట్టల్ల?"

ఆయన మంచికే అన్నారు. ఒకరోజంతా నేనూ సరేననుకున్నాను. అట్లా చేస్తే ఎవరికీ కష్టం లేదు. తర్వాత నా జ్వరం రోజులు గుర్తొచ్చాయి. నాకు కన్ను తెరుచుకోని స్థితిలో మాబున్నక్క గంజి తెచ్చేది. తెచ్చిన ప్రతిసారీ నన్ను తట్టి లేపి, "టీచరమ్మా, ఇది గంజి. మీ ఇంటి బియ్యమే, మీ చెంబే. నేను కాచినా. తాగుతావా?" అని అడిగేది. నేను తల ఊపేదాకా నోట్లో పోసేది కాదు. నాకు ఒంటి మీద తెలివి లేనప్పుడు కూడా ఆమె నన్ను అడిగింది. నీ కళ్ళకు కట్టు ఉందని నేను నిన్ను అడగకుండా ఎట్లా పెట్టను? నేను వండిన వంటకన్నా నాకు అదే పెద్ద తప్పుగా తోచింది.

నువ్వు వస్తావని మాబున్నక్కకు చెప్పకూడదనుకున్నాను. గుల్జార్‌బీ నోట విన్నది. మొన్న నేను నిప్పులు తీస్తుంటే, "నేను లింగాలకు పోతానమ్మా. మైమూన్ దగ్గర ఉంటా. మీ యమ్మ నిష్ఠగల మనిషి. ఆమె వచ్చినాక నువ్వు ఈడికి రావడం బాగుండదు" అంది.

"లింగాలలో సూది ఎవరు వేస్తారు?"

"యాడైనా ఒకరు దొరకరా?"

"దొరకరు. నీకూ తెలుసు."

ట్రంకుపెట్టె మీద ఆమె బట్టలు మూట కట్టి పెట్టుకుని ఉంది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఆ మూట విప్పి, చీరలు తీసి దండెం మీద వేశాను. "నువ్వు యాడికీ పోవద్దు. మా అమ్మకు నేను రాస్తా" అన్నాను. ఆమె కాలి కట్టు చూసుకుంటూ కూర్చుంది. కాసేపటికి "రాసేటప్పుడు నా మీద కోపం పెట్టుకోవద్దని రాయి" అంది. రాశాను.

పుండు ఇప్పుడు ఎండుతోంది. మొన్న చూసిన డాక్టరు పాదం తీయనవసరం లేదని, సంక్రాంతి దాటేదాకా ఈ తిండి, ఈ సూది మానవద్దని చెప్పాడు. అంటే నువ్వు వచ్చే రోజుల్లో కూడా నేను వండుతూనే ఉంటాను. అది మానేస్తానని నీకు మాట ఇవ్వలేను.

అమ్మా, నీ కన్ను బాగుపడాలి. దానికీ దీనికీ ముడిపెట్టొద్దు. నేను పక్కింట్లో వండి, స్నానం చేసి వచ్చి వేరే గిన్నెల్లో వండిపెడితే తింటానంటే మా ఇంటికే రా. కొత్త బిందె కొన్నాను. నా చేతి వంట నోట పెట్టలేనంటే ఆసుపత్రి దగ్గరే గది చూస్తామని మీ అల్లుడు అన్నారు. మరదలు వచ్చి నీకు వండిపెడుతుంది. ఆదివారాలు గుల్జార్‌బీకి మిల్లు సెలవు కాబట్టి నేను నీ దగ్గరికి వచ్చి కూర్చుంటాను. నన్ను తాకొద్దంటే దూరంగానే కూర్చుంటాను. నువ్వు ఏమన్నా బాధపడనని రాద్దామనుకున్నాను గానీ అది నిజం కాదు. బాధపడతాను. ఎక్కడ ఉంటావో ఆలోచించుకుని ఒక కార్డు ముక్క రాయి.

ఆయన లేచారు, కాఫీ పెట్టాలి. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి బస్టాండు దగ్గర పోస్టులో వేయమంటాను. రేపు కార్తీక సోమవారం. నక్షత్రం కనపడేదాకా నాకు ఉపవాసం. మధ్యాహ్నం గంట కొట్టగానే వచ్చి మాబున్నక్క పొయ్యి అంటించాలి.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన
వైదేహి.